శారద లెక్కలో తప్పిన చుక్కలు

2004 వేసవి. ఇంటర్ పరీక్షలు అయిపోయి, ఎంసెట్ దగ్గర పడుతున్న రోజులు. వనపర్తిలో నేను లెక్కలు చెప్పే జూనియర్ కాలేజీ ఆ నెలల్లో కోచింగ్ సెంటర్‌గా మారిపోయేది. పైన రేకులు. ఫ్యాన్లు ఉండేవి కానీ కరెంటు ఉన్నంతసేపే తిరిగేవి. అందుకని ఎండ ముదరకముందే క్లాసు అయిపోవాలని పొద్దున్నే మొదలుపెట్టేవాళ్లం. గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు నుంచి, బల్మూరు లాంటి మండలాల నుంచి వచ్చిన పిల్లలు బంధువుల ఇళ్లల్లోనో అద్దె గదుల్లోనో ఉండి చదువుకునేవారు. నేనూ ఉప్పునుంతల రైతు ఇంట్లో పుట్టి అట్లా చదువుకున్నదాన్నే.

లెక్కల టీచరంటే సరైన జవాబుకు టిక్కు పెట్టే మనిషి అని చాలామంది అనుకుంటారు. నిజానికి మా పనిలో ఎక్కువ భాగం తప్పు జవాబులతోనే. సరైన జవాబు ఎట్లా వచ్చిందో అడగాల్సిన అవసరం ఉండదు. తప్పు జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలి.

కోఆర్డినేట్ జామెట్రీలో, అంటే x, y అక్షాలు గీసి బొమ్మల్ని సమీకరణాలుగా రాసే గణితంలో, కౌంటింగ్ ప్రశ్నలని ఒక రకం ఉంటాయి. చూడటానికి చిన్నపిల్లల ఆటలా కనిపిస్తాయి. ఉదాహరణకు ఒకటి: (0,0), (8,0), (0,8) శీర్షాలుగా ఉన్న త్రిభుజం లోపల, x, y రెండూ పూర్ణాంకాలే అయిన బిందువులు ఎన్ని? గ్రాఫ్ కాగితం మీద గీతలు కలిసే చోటల్లా ఒక చుక్క ఉందనుకోండి. త్రిభుజం లోపల ఎన్ని చుక్కలు పడతాయో చెప్పాలి. జవాబు 21.

కింద నాలుగు ఆప్షన్లు ఇస్తారు: 21, 28, 36, 45. ఈ నాలుగూ ఊరికే వేసిన అంకెలు కావు. 'లోపల' అన్న మాట పట్టించుకోకుండా వాలుగీత మీది చుక్కల్ని కూడా కలిపితే 28 వస్తుంది. వాలుగీతను వదిలేసి, అక్షాల మీద ఉన్నవాటిని కలిపితే 36. అంచులన్నీ కలిపేస్తే 45. పిల్లలు ఏయే తప్పులు చేస్తారో ముందే ఊహించి, ఒక్కో తప్పుకు ఒక్కో ఆప్షన్ సిద్ధం చేసి పెడతాడు పేపర్ తయారు చేసేవాడు. పిల్లవాడు 36 పెట్టాడంటే వాడి బుర్రలో ఏం జరిగిందో నాకు వెంటనే తెలిసిపోతుంది. రెండు మాటలు చెప్తే సరిచేసుకుంటాడు.

శారద దగ్గర ఈ పద్ధతి పనిచేయలేదు.

శారద గద్వాల పిల్ల. వాళ్ల నాన్న వీరప్ప చీరలు నేస్తాడు. వనపర్తిలో చిన్నమ్మ ఇంట్లో ఉండి మా దగ్గరికి వచ్చేది. పరావలయం, దీర్ఘవృత్తం లెక్కలు ఇస్తే క్లాసులో అందరికంటే ముందు చేసేది. ఒక్క మెట్టు కూడా వదలకుండా రాసేది. ఇంజనీరింగ్ సీటు వస్తుందని మేమంతా నమ్మిన పిల్లల్లో ఆమె ఒకతె. కానీ కౌంటింగ్ ప్రశ్న వచ్చిందంటే అక్కడే కూరుకుపోయేది.

ఆ త్రిభుజం లెక్కకు ఆమెకు 18 వచ్చింది. ఆప్షన్లలో 18 లేదు. మళ్లీ లెక్కపెట్టింది, 19 వచ్చింది. మళ్లీ పెట్టింది, 18 వచ్చింది. ఎంసెట్‌లో ఒక ప్రశ్నకు నిమిషానికి మించి ఖర్చు పెడితే తర్వాతి ప్రశ్నలు మిగిలిపోతాయి. ఆమె ఈ ఒక్క లెక్క దగ్గరే ఆరేడు నిమిషాలు పోగొట్టుకుని, ఆ కంగారులో తర్వాత వచ్చే తేలిక లెక్కలు కూడా తప్పు చేసేది. వారానికోసారి పెట్టే మోడల్ టెస్టుల్లో ఆమె మార్కులు ప్రతిసారీ కొంచెం కొంచెం దిగుతూ వచ్చాయి.

ఒకరోజు క్లాసు అయ్యాక అందరూ వెళ్లిపోయినా ఆమె బెంచీ దగ్గరే కూర్చుని ఉంది.

"ఏమైంది శారదా?" అన్నాను.

"నాకు లెక్కపెట్టనీకి వస్తలేదు మేడం. ఒకటో తరగతి పిల్లగాండ్లకు వచ్చేది నాకు వస్తలేదు" అంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "ఒక్కోసారి ఒక్కో లెక్క వస్తది. ఇంకో రెండు వారాలు గిట్లనే అయితే నాకు సీటు ఏడికెల్లి వస్తది?"

ఎదురుగా కూర్చుని ఆమె పాత టెస్టు పేపర్లు తీశాను. కౌంటింగ్ ప్రశ్నలు మాత్రమే పక్కకు పెట్టి చూశాను. అన్నింట్లోనూ ఒక సంగతి కనిపించింది. ఆమె జవాబు ఎప్పుడూ అసలు జవాబుకంటే తక్కువే. ఒక్కసారి కూడా ఎక్కువ రాలేదు. ఇంకొకటి, పేపర్ తయారుచేసినవాడు ఊహించిన తప్పు ఆమె ఒక్కటీ చేయలేదు. 'లోపల' అంటే ఏమిటో, అంచు మీద ఉన్నదాన్ని ఎప్పుడు కలపాలో ఆమెకు బాగా తెలుసు. సబ్జెక్టులో తప్పు లేదు. తొందరపాటు అనుకుందామంటే, తొందరలో లెక్కపెట్టేవాళ్లకు ఒకసారి తక్కువ వస్తే ఒకసారి ఎక్కువ వస్తుంది, ఒకే చుక్కను రెండుసార్లు లెక్కపెడతారు కనుక.

మర్నాడు ఆమెను స్టాఫ్ రూముకు పిలిచాను. అరచేతి అంత వృత్తం ఒకటి గ్రాఫ్ కాగితం మీద గీసి ఇచ్చాను. కేంద్రం (0,0), వ్యాసార్ధం 3. వృత్తం లోపల, వృత్తం మీద కలిపి పూర్ణాంక బిందువులు 29 ఉంటాయి. వాటన్నింటినీ చుక్కలుగా నేనే పెట్టాను.

"నువ్వు లెక్కపెట్టిన ప్రతి చుక్క మీద ఈ ఎర్ర పెన్నుతోని టిక్కు పెట్టు. పరీక్షల చేసినట్టే జల్ది చెయ్" అన్నాను.

టిక్కులు పెడుతూ పోయింది. "ఇరవై ఆరు మేడం" అంది.

కాగితం తీసుకుని చూశాను. టిక్కు పడని చుక్కలు మూడు. అన్నిటికంటే అడుగున ఉన్న చుక్క ఒకటి, దాని పై వరుసలో కుడివైపు చివర రెండు. మూడూ పక్కపక్కనే, కింద కుడి మూలన ఉన్నాయి.

అదే బొమ్మ ఇంకో కాగితం మీద గీశాను. ఈసారి కాగితాన్ని తలకిందులు చేసి ఆమె ముందు పెట్టాను.

"అంకెలు తిరగబడ్డయి మేడం."

"అంకెలతోని పని లేదు. చుక్కలే లెక్కపెట్టు."

మళ్లీ ఇరవై ఆరే వచ్చింది. కాగితాన్ని తిన్నగా తిప్పి చూస్తే, మొదటిసారి వదిలేసిన మూడు చుక్కల మీదా ఈసారి టిక్కులు ఉన్నాయి. ఇప్పుడు వదిలేసినవి బొమ్మలో పైన, ఎడమ మూలన ఉన్నాయి. అంటే ఆమె ముందు కాగితం ఉన్న తీరులో చూస్తే, ఇవి కూడా కింద కుడి మూలనే. అంకె అదే, చుక్కలు వేరు. వదిలేసింది బొమ్మలో ఒక చోటును కాదు, తన కళ్ల ముందు ఒక చోటును.

గొంతులో ఏమీ తెలియనివ్వకుండా అడిగాను, "శారదా, నడిచేటప్పుడు దేనికైనా తగులుతవా?"

ఆమె నవ్వింది. "మెట్లు దిగేటప్పుడు తప్పుతనే ఉంట మేడం. మొన్న ఇంటి ముంగట కుడితి బకీటు తన్నిన. మా చిన్నమ్మ తిడ్తది, నేల జూసి నడవవేందే అని."

"కండ్లు ఎప్పుడన్నా చూపిచ్చుకున్నవా?"

"నిరుడు సూపిచ్చిన. అద్దాల దుకాణంల గోడ మీద అచ్చరాలు అన్నీ సదివిన. అద్దాలు అక్కర లేదన్నడు."

గోడ మీది అక్షరాలు చదవడానికి చూపు మధ్య భాగం బాగుంటే చాలు. చుట్టుపక్కల ఏం పోతోందో ఆ పలక చెప్పదు. ఇది నాకు డాక్టర్ చెప్పాక తెలిసిన విషయం. ఆ రోజు నాకు తెలిసిందల్లా, ఈ పిల్లకు ఒక మూల కనిపించడం లేదన్న సంగతి ఒక్కటే.

వీరప్ప ఇంటి పక్క కిరాణా దుకాణానికి ఫోన్ చేసి కబురు పెట్టాను. మర్నాడే బస్సెక్కి వచ్చాడు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా. కాలేజీ నుంచి కబురంటే ఏదో తప్పు జరిగిందని భయపడ్డట్టున్నాడు, గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమని, సంగతి చెప్పాను. ఆయన ముఖంలో మొదట కనిపించింది అపనమ్మకం.

"కండ్లు మంచిగనే ఉన్నయి మేడం. సూదిల దారం ఎక్కిస్తది. పరీచ్చ ముంగట గీ దవాఖాన ఏంది? పిల్ల పరేషాన్ అయితది. పరీచ్చ అయినంక నిమ్మళంగ సూపిస్త."

శారద కూడా అదే మాట అంది. "పరీక్ష అయినంక పోత మేడం. గియ్యాల ఒక్కరోజు పోయినా నాకు నష్టమే."

ఒక్క క్షణం నేనూ తటపటాయించాను. నేను డాక్టర్ని కాను. ఏమీ లేదని తేలితే, పరీక్ష ముందు పిల్లను బెదరగొట్టిన టీచర్ని అవుతాను. కానీ ఆ రెండు కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. వాటిని వీరప్ప ముందుకు జరిపాను.

"టిక్కులు లేని చుక్కలు చూడండి. మీ బిడ్డకు అవి కనపడలే. ఈ కాయితం తిప్పి ఇస్తే గవి కనపడ్డయి, వేరేవి పోయినయి."

ఆయన రెండు కాగితాలనూ చాలాసేపు మార్చి మార్చి చూశాడు. "రెండూ ఒక్కటే బొమ్మనా మేడం?"

"ఒక్కటే. తిప్పి ఇచ్చిన, అంతే."

కాగితాలు కింద పెట్టాడు. "పోదాం" అన్నాడు. శారద ఏదో అనబోతే చెయ్యి చూపి ఆపాడు. "నువ్వు ఊకో బిడ్డా. సీటు మల్లొక యేడు వస్తది."

గద్వాల వాళ్లకు పెద్ద దవాఖాన అంటే కర్నూలే. నేనూ వాళ్లతో వెళ్లాను. అక్కడి కళ్ల డాక్టర్ నడివయసు మనిషి, తక్కువ మాట్లాడేవాడు. నేను తీసుకెళ్లిన గ్రాఫ్ కాగితాలు చూసి, "ఎవరు గీశారు ఇవి?" అని అడిగాడు. నేనేనన్నాను. శారద కంట్లో చుక్కలు వేయించి, కంటి ఒత్తిడి చూశాడు. తర్వాత ఫీల్డ్ టెస్ట్ అని ఒకటి చేయించాడు. గిన్నెలా ఉండే యంత్రంలో ముఖం పెట్టి, మధ్యలో ఉన్న దీపాన్నే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న వెలుగు చుక్క మెరుస్తుంది. కనిపించినప్పుడల్లా మీట నొక్కాలి. కనిపించని చోటల్లా యంత్రం కాగితం మీద నల్లగా అచ్చువేస్తుంది.

కుడి కంటి కాగితంలో కింది సగం దాదాపు నల్లగా వచ్చింది. ఎడమ కంటికి కింద, ముక్కువైపు మూల కొంత నల్లబడింది. రెండు కళ్లతో కలిపి చూసినా కింద కుడిపక్కన ఖాళీ మిగిలిపోతుంది.

"గ్లకోమా. తెలుగులో నీటికాసులంటారు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవచ్చు" అన్నాడు డాక్టర్.

శారద తలవంచుకుని వింటోంది. "నేను పరీక్ష రాయొచ్చా సార్?" అని మాత్రం అడిగింది.

"రాయొచ్చమ్మా. చదవడం వల్ల ఇది పెరగదు. మందు చుక్కలు ఈరోజు నుంచే వేసుకోవాలి, ఒక్కపూట కూడా మానకూడదు. కుడి కంటికి ఆపరేషన్ అవసరం కావచ్చు. పరీక్ష రాసి నేరుగా ఇక్కడికి రా." తర్వాత వీరప్ప వైపు తిరిగాడు. "మీ ఇంట్లో ఇంకెవరికైనా చూపు పోయిందా?"

వీరప్ప అన్నాడు, "మా నాయినకు పోయింది సారూ. యాభై దాటంగనే రెండు కండ్లూ పోయినయి. మగ్గం మీద కూసొని కూసొని పోయినయనుకున్నం. మా దిక్కు శానామందికి గట్ల అయితది."

"మగ్గం వల్ల పోలేదు. ఇది వంశంలో వస్తుంది. మీ వయసెంత?"

"నలబై నాలుగు."

"ఆ కుర్చీలో కూర్చోండి."

"నాకెందుకు సారూ, నాకు మంచిగనే ఉంది" అంటూనే కూర్చున్నాడు. శారద లేచి వెళ్లి ఆయన వెనక నిలబడింది.

వీరప్పకు కూడా ఒత్తిడి ఎక్కువే ఉంది. అప్పటికే ఎడమ కంటి చూపు కొంత తగ్గింది, కుడి కన్ను ఇంకా బాగుంది. డాక్టర్ చెప్తుంటే వీరప్ప బిడ్డ ముఖం చూడలేదు, గోడకేసి చూస్తూ విన్నాడు. బయట వరండాలో కూర్చున్నాక మెల్లగా అన్నాడు.

"ఒక యాడాది నుంచి ఎడమ దిక్కు పోగు తెగితే నాకు జల్ది తెలుస్తలేదు మేడం. మా ఇంటామె చెప్తది. వయసు వచ్చింది గద అనుకున్న. ఆమెకు గూడ గదే చెప్పిన. మా నాయినకు అయినట్టే అయితదని లోపల భయం. కానీ దవాఖానకు పోతే నిజమైతదని పోలే."

శారద ఆయన చేతిలోంచి మందుల కవరు తీసుకుని, రెండు సీసాల మీదా పేర్లు చదివింది. "ఇద్దరిదీ ఒక్కటే మందు నాయినా. నేను ఇంటికొచ్చినంక పొద్దున ఒకరికొకరం వేసుకుందాం" అంది. ఆ మాటకు ఆయన పై కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

వనపర్తికి తిరిగొచ్చాక శారదకు కౌంటింగ్ మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి బొమ్మ లేకుండా. కౌంటింగ్ ప్రశ్నలకు అసలు సరైన దారి అదే. బొమ్మ గీసి చుక్కలు లెక్కపెట్టడం చిన్న అంకెలకు సరిపోతుంది, పెద్ద అంకెలు వస్తే మంచి చూపు ఉన్నవాళ్లూ తప్పుతారు.

పద్ధతి ఇది. నిలువు వరుసలుగా విడగొట్టుకోవాలి. ఆ త్రిభుజంలో వాలుగీత సమీకరణం x + y = 8. లోపలి బిందువుకు x, y రెండూ కనీసం 1 ఉండాలి, వాటి మొత్తం 8 కంటే తక్కువ ఉండాలి. x = 1 అయితే y ఒకటి నుంచి ఆరు దాకా, అంటే ఆరు. x = 2 అయితే ఐదు. అట్లా ఒక్కొక్కటే తగ్గుతూ x = 6 దగ్గర ఒకటి. ఆరు, ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి కలిపితే 21. వృత్తానికీ అంతే. x = 0 దగ్గర ఏడు. 1 దగ్గర ఐదు, 2 దగ్గర ఐదు, 3 దగ్గర ఒకటి. సున్నా తప్ప మిగతావాటికి ఎడమవైపు కూడా అన్నే ఉంటాయి కనుక రెట్టింపు చేయాలి. ఏడుకు ఇరవై రెండు కలిపితే 29. కంటితో పని లేదు.

శారద రెండు మూడు లెక్కలు చేసి తలెత్తింది. "మేడం, గింత అల్కనా? మరి నేను ఇన్నాళ్లు చుక్కలు ఎందుకు పెట్టిన?"

"క్లాసుల అందరూ పెడ్తున్నరని పెట్టినవు" అన్నాను.

ఆ వారం నుంచి క్లాసు మొత్తానికి ఇట్లాగే చెప్పాను. మోడల్ టెస్టుల్లో శారద మళ్లీ ముందు వరుసకు వచ్చింది. పొద్దున్నే క్లాసు మొదలయ్యే ముందు చుక్కల మందు వేసుకునే వేళకు ఆమె తల వెనక్కి వాలిస్తే, పక్కన కూర్చునే శ్రీరంగాపూర్ పిల్ల మందు వేసేది. క్లాసులో ఎవరూ ఏమీ అడగలేదు.

పరీక్ష రోజు సెంటర్ బయట ఆమె కోసం నిలబడ్డాను. వచ్చీ రాగానే, "కౌంటింగ్‌ది ఒక్కటే వచ్చింది మేడం. చేసిన" అంది. ర్యాంకు బాగానే వచ్చింది. కానీ కౌన్సెలింగ్ సమయానికి కుడి కంటి ఆపరేషన్ పడింది. ఆపరేషన్ తర్వాత కంటి పరీక్షల కోసం కర్నూలుకు దగ్గరగా ఉండటమే మంచిదని ఆమే నిర్ణయించుకుంది. గద్వాలలోనే డిగ్రీలో లెక్కలు తీసుకుంది. ఇంజనీరింగ్ పోయిందని నేనే ఎక్కువ బాధపడ్డాను. ఆమె అంత పడలేదు. తర్వాత బి.ఇడి. చేసి, నాగర్‌కర్నూల్ దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచరైంది. కుడి కన్ను అప్పుడున్నంతే ఉంది, ఇంకా తగ్గలేదు.

2009లో ఒక పెళ్లికి గద్వాల వెళ్లినప్పుడు వాళ్లింటికి పోయాను. వీరప్ప మగ్గం మీదే ఉన్నాడు. ఎడమవైపు గోడకు ఒక ట్యూబులైటు కొత్తగా పెట్టించుకున్నాడు. నన్ను చూసి పని ఆపి, చాయ్ తెప్పించాడు. కళ్లు ఎట్లా ఉన్నాయని అడిగాను.

"గంతే ఉన్నయి మేడం. పోయిన మూల పోయింది. కానీ ఏ మూల పోయిందో ఇప్పుడు నాకు ఎరికే గద. గా దిక్కు తల తిప్పి చూస్త. ఎరిక లేనప్పుడే కష్టముండె."

ఆ తర్వాత నేను రిటైరయ్యే దాకా వేల పేపర్లు దిద్దాను. తప్పు జవాబు కనిపిస్తే ఆ అంకెను బట్టి తప్పేదో ఊహించడం నా మొదటి పనిగా ఉండేది. శారద తర్వాత అది రెండో పని అయింది. ముందు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, నా ఎదుట మళ్లీ చేయమనేదాన్ని. ఎక్కడ తప్పుతున్నారో వేలు పెట్టి చూపించేదాకా వదిలేదాన్ని కాదు. చాలాసార్లు అది అజాగ్రత్తే. కొన్నిసార్లు ఆకలి. ఒకసారి ఇంట్లో గొడవ. కాగితం మీద అన్నీ తప్పు అంకెలుగానే కనిపిస్తాయి. పక్కన కూర్చుంటే తప్ప వేటికవి వేరని తెలియదు.